తరుగు, మజూరి

ప్రొద్దుటూరులో మా కొట్టు బంగారానికే.
ఇనుముకు రేటు కట్టమని
ఎవురూ మెట్టెక్కలేదు ఇంతవరకూ.

చాపాడు సుంకమ్మ వచ్చింది,
చేతిసంచిలో పాత పంచెగుడ్డ మూట.
"ఆచారీ, రేపు పంపకాలు.
మిద్దెకు, చేనుకు, బండికి లెక్క అయిపాయ.
ఇదొక్కటే మిగిల్నాది.
ముగ్గురం. ఇరగ్గొట్టి పంచుకునేకి కాదు గదా.
ఒక ధర చెప్పు."

గుడ్డ విప్పితే బాకు.
జర్మనీ పటాలం దొరలు నడుముకు తగిలించుకునేది.

కంటికి అద్దం పెట్టినా.
ముందు ఒర.
కొర్రగింజలు ఒత్తినట్టు ఇనుము మీద పని.
ఒక పక్క సొట్ట, చిటికెనవేలు పట్టేంత.
"అది నేనే," అనె సుంకమ్మ.
"ఏడేండ్లప్పుడు చింతకాయలకు ఇసిరినా."
చీటీలో రాసుకున్నా: సొట్ట ఒకటి.

పిడి ఏనుగుదంతం కాదు,
దంతంలా నటించే సరుకు.
ఒకప్పుడు తెల్లన, ఇప్పుడు మాగిన బొప్పాయి.
మెలికల సందుల్లో ఏదో గట్టిపడి ఉంది.
సూదితో గీకితే పసుపు.

పసుపా?

"మా జేజి పని. ఆయుధపూజకు
కొడవలి, గడ్డపార, ఇదీ
ఒకే పీటమీద పెడ్తాండె.
గద్ద కాళ్ళకింద స్వస్తికం ఉండాది,
యా దేశందైతేనేం మంచిదేలే అని
దానికే పెద్ద బొట్టు."

అలుగు లాగితే గరగరమనె.
ఆవగింజలంత తుప్పు మచ్చలు, ముప్పై ఏడు.
మొన సరిగ్గానే ఉంది.
పదును ఎన్నడూ పట్టించలేదు,
కోసేకి చేసింది కాదు, చూపించేకి చేసింది.
మొదట్లో చేసినోళ్ళ ముద్ర: ఉడుత.
కత్తి పట్టుకోని కూర్చున్న ఉడుత!
నాకు తెలిసిన ఉడుత
వారధికి ఇసుక మోసింది.

ఇంక అడ్డపట్టీ.
గద్ద ఉంది, రెక్కలో ఈకకు ఈక ఉంది.
కాళ్ళకింద ఏమీ లేదు.

అరిగిపోవడం వేరు.
అరిగితే అంచులు గుండ్రంగా, మెత్తగా పోతాయి,
అత్తగారి నానుతాడులాగా.
ఇవి గీతలు. అడ్డంగా, ముతకగా,
కొడవలి కక్కుకు వాడే ఆకురాయివి.
రెండుసార్లు జారి గద్ద కాలు చెక్కింది,
పనోడి చెయ్యి కాదు.
కోపంగా రాకినా అనుకున్నా మొదట.
కోపమైతే గీత మొదట్లో లోతు, చివర తేలిక.
ఇవి రెండు కొసలా ఒకటే లోతు.
ఎవరో కుదురుగా కూర్చోని,
ఊపిరి తీసుకుంటా, రాకినారు.

"కొండన్న, మా జేజినాయన," అనె.
"పటాలంలో ఇటలీకి పోయి వంతెనలు కట్టినాడు.
ఆడ దొరికిందంట ఇది, ఎట్లనో చెప్పలే.
పంచాయితీ ఆఫీసుకు టీవీ వచ్చిన కొత్తలో
ఆ యుద్ధం ఏదో చూపిస్తాండ్రి.
గుట్టలు గుట్టలు చెప్పులు, ఆచారీ,
పసిబిడ్డోళ్ళవి గూడా. మనుషులు లేరు.
మధ్యలోనే లేచి వచ్చినాడు.
రాత్రంతా వసారాలో రాకుతాండాడు,
మాకు నిద్రలే.
దసరాకి జేజి బొట్టు పెట్టబోతే జాగా లేదు.
పీటమీద నుంచి తీసేయమన్నాడు, అంతే."

బెంగుళూరులో ఇట్లాంటివి కొనే ఆసామికి
ఫోటో పంపినా.
గుర్తు లేదా? ముప్పాతిక ధర పాయ,
ఎవుడో మూర్ఖుడు నాశనం చేసినాడు, అనె.
ఆ మాట సుంకమ్మకు చెప్పలేదు.

మా కొట్లో రాలిన రజను
సాయంత్రం కుంచెతో ఊడ్చి, కడిగి, కరిగిస్తాం.
గురివింద ఎత్తు కూడా పోనీం.
ఆ రాత్రి రాలిన పొడి
చాపాడు వసారా మట్టిలో ఉంది ఇంకా.
ఉండనీ.

చీటీ ముందర పెట్టుకున్నా.
ఒర సొట్ట తరుగు.
తుప్పు మచ్చలు తరుగు.
గద్ద కింది జాగా కూడా
తరుగు వరసలోనే రాసి,
కాసేపు చూసి, కొట్టేసి,
మజూరి కింద రాసినా.

"మొత్తం ఎంత?" అనె సుంకమ్మ.
కలం మూత తీసి, పెట్టి, తీసి,
టీ తాగుతావా అని అడిగినా.